వర్చువల్ మెషీన్‌కు నమ్మదగిన గడియారాన్ని ఎంచుకోవడం ఎలా

వర్చువల్ మెషీన్‌లో సమయం తేడాగా ఉందన్న ఫిర్యాదు రాగానే చాలామంది ముందుగా ఎన్‌టీపీ సర్వర్ (నెట్‌వర్క్ ద్వారా సరైన సమయం చెప్పే సర్వర్) పేరు మార్చి చూస్తారు. కొన్నాళ్లు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, ఆ తరువాత మళ్లీ అదే ఫిర్యాదు వస్తుంది. దీనికి కారణం, ఎన్‌టీపీ సమయాన్ని లెక్కపెట్టదు. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ లెక్కపెట్టిన సమయంలోని తప్పును అప్పుడప్పుడు సరిచేస్తుంది, అంతే. లెక్కపెట్టే పని కెర్నల్ ఎంచుకున్న ఒక హార్డ్‌వేర్ కౌంటర్‌ది, దానినే లైనక్స్‌లో క్లాక్‌సోర్స్ అంటారు. ఆ కౌంటర్ నిదానంగా చదవబడేదైనా, ఒక్కో ప్రాసెసర్ కోర్‌పై ఒక్కో విలువ చూపేదైనా, పైన ఎంత మంచి ఎన్‌టీపీ సర్వర్ ఉన్నా ప్రయోజనం తక్కువే.

బెంగళూరులోని మన ఇంజనీర్లలో చాలామంది రెండు చోట్లా పనిచేయాల్సి వస్తోంది. కోరమంగళలోని కంపెనీకి కొన్ని మెషీన్లు ముంబయి లేదా హైదరాబాద్ రీజియన్‌లోని క్లౌడ్‌లో ఉంటే, మరికొన్ని వైట్‌ఫీల్డ్ వైపు ఏదో డేటా సెంటర్‌లో అద్దెకు తీసుకున్న ర్యాక్‌లోని సొంత సర్వర్లపై, లైనక్స్‌లోని వర్చువలైజేషన్ ఏర్పాటైన కేవీఎం కింద నడుస్తుంటాయి. వర్చువల్ మెషీన్‌ను గెస్ట్ అని, దానిని నడిపే అసలు మెషీన్‌ను హోస్ట్ అని అంటారు. క్లౌడ్‌లో హోస్ట్ మన చేతిలో ఉండదు, సొంత ర్యాక్‌లో ఉంటుంది. ఈ ఒక్క తేడా వల్ల గడియారాన్ని ఎంచుకునే పద్ధతి మారుతుంది కాబట్టి, కింద చెప్పే ప్రతి విషయాన్నీ ఆ తేడాను గుర్తుపెట్టుకుని చదవాలి. ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పి వదిలేస్తాను: అమెరికా క్లయింట్ల కోసం రాత్రి షిఫ్టు చేసే టీముల్లో తరచూ వచ్చే ఐదున్నర గంటల తేడా టైమ్‌జోన్ అమరికకు సంబంధించినది, దానికి క్లాక్‌సోర్స్‌తో ఏ సంబంధమూ లేదు. సర్వర్లన్నింటినీ ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో ఉంచి, చూపించే చోట మాత్రమే భారత కాలమానంలోకి మార్చుకుంటే ఆ గొడవ తీరిపోతుంది.

ఏయే కౌంటర్లు ఉంటాయి

ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లుండే ఎక్స్86 మెషీన్‌లో పాత పద్ధతి గడియారాలు మూడు కనిపిస్తాయి. పిట్ అనే ఇంటర్వల్ టైమర్ సెకనుకు దాదాపు 11,93,182 సార్లు, ఏసీపీఐ పవర్ మేనేజ్‌మెంట్ టైమర్ 35,79,545 సార్లు కొట్టుకుంటాయి. ఈ వింత అంకెలు అమెరికా కలర్ టెలివిజన్ కోసం విరివిగా తయారై చవకగా దొరికిన 14.31818 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ నుంచి వచ్చాయి. దానిని 12తో భాగిస్తే మొదటిది, 4తో భాగిస్తే రెండవది వస్తుంది. ఏసీపీఐ టైమర్ చాలా మెషీన్లలో 24 బిట్లదే కావడంతో 4.7 సెకన్లకొకసారి తిరిగి సున్నాకు వస్తుంది. మూడవదైన హెచ్‌పెట్ కనీసం 10 మెగాహెర్ట్జ్ వేగంతో నడుస్తుంది.

భౌతిక మెషీన్‌పై ఇవి నిదానమైనవే అయినా పని జరుగుతుంది. వర్చువల్ మెషీన్‌లో మాత్రం ఇవి నిజమైన హార్డ్‌వేర్ కావు, గెస్ట్‌లను నడిపే హైపర్‌వైజర్ సాఫ్ట్‌వేర్‌తో చూపించే నకళ్లు. గెస్ట్ వీటిని చదవబోయిన ప్రతిసారీ ప్రాసెసర్ గెస్ట్‌ను ఆపి, అదుపును హోస్ట్‌కు అప్పగించి, హోస్ట్ విలువను లెక్కకట్టి ఇచ్చాక మళ్లీ గెస్ట్‌లోకి రావాలి. ప్రాసెసర్‌లోని కౌంటర్‌ను నేరుగా చదివితే పదుల నానోసెకన్లలో ముగిసే పని ఈ రాకపోకల వల్ల మైక్రోసెకన్లలోకి వెళ్తుంది. ప్రతి లాగ్ వరుసకూ, ప్రతి క్వెరీకీ సమయాన్ని అడిగే డేటాబేస్ సర్వర్‌లో ఈ ఖర్చు నేరుగా ప్రాసెసర్ వాడకంలో కనిపిస్తుంది.

అసలు ఎంపిక మిగిలిన రెండింటి మధ్యే ఉంటుంది. ఒకటి ప్రాసెసర్‌లోనే ఉండే టైమ్ స్టాంప్ కౌంటర్, అంటే టీఎస్‌సీ. రెండవది హైపర్‌వైజర్ తన గెస్ట్‌ల కోసమే ఇచ్చే ప్రత్యేక గడియారం: కేవీఎంలో కేవీఎం-క్లాక్, మైక్రోసాఫ్ట్ హైపర్-వీలో టీఎస్‌సీ పేజ్, జెన్ అనే మరో హైపర్‌వైజర్‌లో జెన్ క్లాక్. అమెజాన్ గ్రావిటాన్ వంటి ఆర్మ్ ప్రాసెసర్ల మెషీన్లలో ఈ చర్చే అవసరం లేదు. అక్కడ ఆర్కిటెక్చర్‌లోనే నిర్దేశించిన సిస్టమ్ కౌంటర్ ఒకటి ఉంటుంది, గెస్ట్ దానిని హైపర్‌వైజర్ జోక్యం లేకుండానే చదవగలదు. కాబట్టి ఆర్మ్ గెస్ట్‌లు మాత్రమే ఉన్నవారు నేరుగా చివరి భాగానికి వెళ్లవచ్చు.

టీఎస్‌సీకి ఒకప్పుడు చెడ్డపేరు ఉండేది. 1993లో పెంటియమ్‌తో వచ్చిన ఈ కౌంటర్ ప్రాసెసర్ వేగంతోపాటే నడిచేది, అందువల్ల విద్యుత్ ఆదా కోసం వేగం తగ్గితే గడియారమూ నిదానించేది, ప్రాసెసర్ గాఢ నిద్రలోకి వెళ్తే ఆగిపోయేది. తరువాతి ప్రాసెసర్లలో స్థిరమైన వేగంతో, నిద్రలోనూ ఆగకుండా నడిచే టీఎస్‌సీ వచ్చింది. మీ ప్రాసెసర్‌కు ఆ గుణం ఉందో లేదో తెలుసుకోవడానికి సీపీయూఇన్ఫో ఫైలులోని ఫ్లాగ్‌ల వరుసలో కాన్‌స్టంట్_టీఎస్‌సీ, నాన్‌స్టాప్_టీఎస్‌సీ అనే రెండు పదాలూ కనిపించాలి. ఒక్కటే ఉంటే సరిపోదు.

హోస్ట్ నుంచి మొదలుపెట్టాలి

సొంత సర్వర్లు ఉన్నవారు ఇక్కడే ఎక్కువ సమయం పెట్టాలని నా సలహా. గెస్ట్‌లో ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నా, ఆ ఎంపిక హోస్ట్ గడియారం ఎంత గట్టిదో అంతే గట్టిది.

హోస్ట్‌పై సిస్ ఫైల్‌సిస్టమ్‌లో డివైసెస్, దానిలో సిస్టమ్, దానిలో క్లాక్‌సోర్స్, దానిలో క్లాక్‌సోర్స్0 అనే డైరెక్టరీకి వెళ్లి, అవైలబుల్_క్లాక్‌సోర్స్, కరెంట్_క్లాక్‌సోర్స్ అనే రెండు ఫైళ్లనూ క్యాట్ ఆదేశంతో చదవాలి. మొదటిది అందుబాటులో ఉన్నవాటిని, రెండవది ఇప్పుడు వాడుకలో ఉన్నదానిని చెబుతుంది. హోస్ట్‌పై ఇప్పుడు వాడుకలో ఉన్నది టీఎస్‌సీ అయి ఉండాలి. అక్కడ హెచ్‌పెట్ అనో, ఏసీపీఐ_పీఎం అనో కనిపిస్తే గెస్ట్‌ల జోలికి వెళ్లకుండా అక్కడే ఆగాలి.

అలా ఎందుకు మారిందో కెర్నల్ సందేశాలను చూపే డీఎంఈఎస్‌జీ ఆదేశం చెబుతుంది. కెర్నల్‌లో వాచ్‌డాగ్ అనే కాపలా ఏర్పాటు ఉంది. అది టీఎస్‌సీని అర సెకనుకొకసారి మరో గడియారంతో పోల్చి చూసి, తేడా హద్దు దాటితే టీఎస్‌సీని అస్థిరమైనదిగా ముద్రవేసి పక్కన పెడుతుంది. సందేశంలో టీఎస్‌సీ, అన్‌స్టేబుల్ అనే రెండు మాటలు కలిసి కనిపిస్తే జరిగింది ఇదే. ఒకటికంటే ఎక్కువ ప్రాసెసర్ సాకెట్లున్న పాత సర్వర్లలో సాకెట్ల మధ్య కౌంటర్లు కలవకపోవడం, ఫర్మ్‌వేర్ ఒక కోర్ కౌంటర్‌ను మార్చి మరొకదానిని వదిలేయడం దీనికి సాధారణ కారణాలు. ఫర్మ్‌వేర్ లోపమని కెర్నల్ స్వయంగా చెప్పే సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు సర్వర్ తయారీదారు ఇచ్చిన కొత్త బయాస్‌ను ఎక్కించి చూడటం మొదటి పని.

ఇంటర్నెట్‌లో వెతికితే, బూట్ వరుసలో టీఎస్‌సీ=రిలయబుల్ అని చేర్చమనే సలహా వెంటనే దొరుకుతుంది. అది కాపలా ఏర్పాటును నిలిపివేస్తుందే తప్ప కౌంటర్‌ను బాగుచేయదు. కౌంటర్లు నిజంగా కలిసే ఉన్నాయని, భారం ఎక్కువై కాపలా పొరబడిందని మీకు ఆధారం ఉంటేనే దానిని వాడాలి. సందేశం కనిపించకుండా చేయడానికి వాడితే సమయం వెనక్కి నడిచిన రోజున కారణం చెప్పే సందేశం కూడా మిగలదు.

హోస్ట్ టీఎస్‌సీపై ఉండాలని ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో కేవీఎం-క్లాక్ పనితీరు చూస్తే తెలుస్తుంది. గెస్ట్, హోస్ట్ పంచుకునే మెమరీ పేజీలో హోస్ట్ నాలుగు వివరాలు రాస్తుంది: ఒక క్షణాన టీఎస్‌సీ విలువ, ఆ క్షణాన సమయం, టీఎస్‌సీని నానోసెకన్లలోకి మార్చే గుణకం, దానికి తోడు ఒక షిఫ్ట్ అంకె. గెస్ట్ తానే టీఎస్‌సీని చదివి వీటితో లెక్క కట్టుకుంటుంది, హోస్ట్‌ను పిలవనక్కరలేదు. అన్ని వర్చువల్ ప్రాసెసర్ల టీఎస్‌సీలు కలిసి ఉండి, హోస్ట్ స్వయంగా టీఎస్‌సీనే గడియారంగా వాడుతున్నప్పుడు మాత్రమే ఆ పేజీలో స్థిరత్వాన్ని తెలిపే బిట్ వెలుగుతుంది. హోస్ట్ హెచ్‌పెట్‌కు దిగజారితే ఆ బిట్ ఆరిపోతుంది. గెస్ట్‌లో పేరు కేవీఎం-క్లాక్ అనే ఉన్నా, ప్రోగ్రాములు కెర్నల్‌లోకి వెళ్లకుండా సమయం తెలుసుకునే వీడీఎస్‌ఓ మార్గం మూసుకుపోతుంది. గెస్ట్‌లో ఏదీ మారలేదు, అయినా ప్రతిదీ నిదానించింది అనే సమస్యకు మూలం చాలాసార్లు ఇదే.

గెస్ట్‌లో ఏది ఎంచుకోవాలి

కేవీఎం గెస్ట్ అయితే, లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న గెస్ట్‌ను ఆపకుండా మరో హోస్ట్‌కు తరలించడం) ఉందా లేదా అన్నదే తేల్చుకోవాల్సిన ప్రశ్న. హోస్ట్ తన టీఎస్‌సీ స్థిరమైనదని గెస్ట్‌కు హామీ ఇచ్చే ఫ్లాగ్‌ను ఇన్వ్‌టీఎస్‌సీ అంటారు. వర్చువల్ మెషీన్ల అమరికలు చూసే లిబ్‌వర్ట్‌లో సీపీయూ అమరిక కింద ఫీచర్‌గా దీనిని తప్పనిసరి చేయవచ్చు. ఈ హామీ ఉంటే 2019 తరువాతి కెర్నళ్లు కేవీఎం-క్లాక్ ప్రాధాన్యాన్ని తామే తగ్గించుకుని టీఎస్‌సీని ఎంచుకుంటాయి, మీరు చేయవలసింది ఏమీ ఉండదు. అయితే వేరే వేగంతో నడిచే టీఎస్‌సీ ఉన్న హోస్ట్‌కు గెస్ట్‌ను తరలిస్తే హామీ తప్పుతుంది. అందుకే కేవీఎంతో కలిసి గెస్ట్‌ను నడిపే క్యూఈఎంయూ ఈ ఫ్లాగ్ ఉన్న గెస్ట్‌ను, టీఎస్‌సీ ఫ్రీక్వెన్సీని విడిగా నిర్దేశిస్తే తప్ప, తరలించనివ్వదు.

ఒకే హోస్ట్‌పై స్థిరంగా ఉండే డేటాబేస్ గెస్ట్‌కు నేను ఇన్వ్‌టీఎస్‌సీతో టీఎస్‌సీనే ఎంచుకుంటాను. రకరకాల తరాల సర్వర్ల మధ్య తరచూ తరలే గెస్ట్‌లకు కేవీఎం-క్లాక్ మేలు, ఎందుకంటే తరలింపు తరువాత కొత్త హోస్ట్ ఆ పేజీలోని గుణకాన్ని మార్చి రాస్తుంది, గెస్ట్ లెక్క చెదరదు. టీఎస్‌సీ వేగాన్ని గెస్ట్‌కు తగినట్టు మార్చి చూపే స్కేలింగ్ సౌకర్యం కొత్త ప్రాసెసర్లలో ఉంది. మీ హోస్ట్‌లన్నింటిలోనూ ఉందని నిర్ధారించుకున్నాకే దానిపై ఆధారపడాలి. ఏ సందర్భంలోనైనా లిబ్‌వర్ట్ అమరికలో హెచ్‌పెట్ టైమర్‌ను లేనట్టుగా పెట్టడం మంచిది, అప్పుడు గెస్ట్ పొరపాటున కూడా దానిపై వాలదు.

క్లౌడ్‌లో ఎంపికకు అంత వెసులుబాటు ఉండదు. అమెజాన్‌లో దాని కొత్త హైపర్‌వైజర్ నైట్రోపై నడిచేవి కేవీఎం-క్లాక్‌తో వస్తాయి, దానిని అలాగే ఉంచినా నష్టం లేదు. టీ2, ఎం4 వంటి పాత రకాలు జెన్‌పై నడుస్తాయి, వాటిలో మొదట ఉండే జెన్ క్లాక్‌తో వీడీఎస్‌ఓ మార్గం పనిచేయక ప్రతి సమయ ప్రశ్నా సిస్టమ్ కాల్‌గా, అంటే కెర్నల్‌ను పిలవడంగా, మారుతుంది. వాటిని టీఎస్‌సీకి మార్చమని అమెజాన్ కూడా సూచించింది. అజూర్‌లో హైపర్-వీ టీఎస్‌సీ పేజ్‌ను కదపనవసరం లేదు. వీఎంవేర్ గెస్ట్‌లలో టీఎస్‌సీ ఉంటుంది, అదే సరైనది. కంటైనర్లకు సొంత క్లాక్‌సోర్స్ ఉండదు, అవి నడిచే మెషీన్‌దే వాటిది కూడా.

మార్చి, పరీక్షించి, ఆ తరువాతే శాశ్వతం చేయాలి

కరెంట్_క్లాక్‌సోర్స్ ఫైలులోకి ఎకో ఆదేశంతో కొత్త పేరు రాస్తే నడుస్తున్న మెషీన్‌లోనే మార్పు జరుగుతుంది, రీబూట్ అక్కరలేదు. వెంటనే ఆ ఫైలును తిరిగి చదవాలి, ఎందుకంటే కెర్నల్ ఒప్పుకోని పేరును ఇస్తే పాతదే కొనసాగుతుంది. తృప్తి కలిగాక బూట్‌లోడర్ అయిన గ్రబ్ అమరికలో క్లాక్‌సోర్స్= తరువాత ఆ పేరు చేర్చి శాశ్వతం చేయవచ్చు. చాలా గెస్ట్‌లలో కెర్నల్ తానుగా చేసుకునే ఎంపిక సరైనదే కాబట్టి, మార్చాల్సిన కారణం లేనిచోట గ్రబ్‌ను ముట్టుకోకపోవడమే మేలు. రేపు ఆ డిస్క్ ఇమేజ్‌ను వేరే హైపర్‌వైజర్‌పైకి తీసుకెళ్లినప్పుడు ఈ వరుస ఎవరికీ గుర్తుండదు.

పరీక్షకు తేలికైన సాధనం, ప్రోగ్రామ్ చేసే సిస్టమ్ కాల్స్‌ను చూపే ఎస్‌ట్రేస్. సమయాన్ని పదే పదే అడిగే చిన్న ప్రోగ్రామ్‌ను, లేదా సరిపడినంత సేపు మీ అప్లికేషన్‌నే, సీ ఆప్షన్‌తో ఎస్‌ట్రేస్ కింద నడిపించాలి. లెక్కల పట్టికలో క్లాక్_గెట్‌టైమ్ కాల్స్ పెద్ద సంఖ్యలో కనిపిస్తే వీడీఎస్‌ఓ మార్గం పనిచేయడం లేదని అర్థం. అన్నీ సవ్యంగా ఉంటే ఆ పేరు పట్టికలో దాదాపు కనిపించదు. ఎస్‌ట్రేస్ వల్ల అప్లికేషన్ బాగా నిదానిస్తుంది కనుక నడుస్తున్న ప్రొడక్షన్ మెషీన్‌పై ఈ పని చేయకూడదు, అక్కడ ఏ ఫంక్షన్ ప్రాసెసర్‌ను ఎక్కువగా వాడుతోందో చూపే పెర్ఫ్ టాప్‌ను చూడాలి. అందులో హెచ్‌పెట్‌నో ఏసీపీఐ టైమర్‌నో చదివే ఫంక్షన్ పేరు పైవరుసల్లో ఉంటే మీ ప్రాసెసర్ సమయం ఎక్కడికి పోతోందో తెలిసినట్టే.

ఇప్పుడు ఎన్‌టీపీ వంతు

కౌంటర్ కుదిరాక, అసలు సమయం ఎంతో చెప్పే మూలాన్ని ఎంచుకోవాలి. ఇక్కడ అన్నిటికంటే ఎక్కువగా కనిపించే లోపం ఒకే గెస్ట్ గడియారాన్ని ఇద్దరు దిద్దడం. గెస్ట్‌లో ఎన్‌టీపీతో సమయాన్ని దిద్దే క్రోనీ ప్రోగ్రామ్ నడుస్తుంటుంది, మరోవైపు వీఎంవేర్ టూల్స్ కూడా హోస్ట్ సమయాన్ని తెచ్చి రుద్దుతుంటాయి. ఒకరు దిద్దినదానిని మరొకరు చెరుపుతారు. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు కాబట్టి క్రోనీని ఉంచి, టూల్స్‌లోని నిర్ణీత కాలపు సింక్‌ను ఆపేయాలి. దానిని ఆపినా వీమోషన్ (వీఎంవేర్‌లో లైవ్ మైగ్రేషన్), స్నాప్‌షాట్, సస్పెండ్ నుంచి తిరిగి లేవడం వంటి సందర్భాల్లో టూల్స్ ఒకసారి సమయాన్ని సరిచేస్తాయన్నది గుర్తుంచుకోవాలి; అది కూడా వద్దనుకుంటే అడ్వాన్స్‌డ్ అమరికల్లో విడిగా ఆపాలి.

“అన్నా, టైమ్‌డేట్‌సీటీఎల్ సింక్ అయిందనే చెబుతోంది కదా?” అని టీములో కొత్తగా చేరినవారు అడుగుతుంటారు. ఆ మాటకు గడియారం దిద్దబడుతోందని మాత్రమే అర్థం, ఎంత తేడాతో అన్నది అందులో లేదు. క్రోనీసీ ట్రాకింగ్ ఆదేశం ఇచ్చి ప్రస్తుత తేడాను, ఫ్రీక్వెన్సీ వరుసలోని విలువను చూడాలి. ఆ ఫ్రీక్వెన్సీ గంటగంటకూ పెద్ద ఎత్తున ఎగిరిపడుతుంటే లోపం ఎన్‌టీపీ సర్వర్‌లో కాక, కింద ఉన్న కౌంటర్‌లో ఉందని అనుమానించవచ్చు.

కేవీఎం గెస్ట్‌కు నెట్‌వర్క్ దాటాల్సిన పనిలేని మార్గం ఒకటుంది. పీటీపీ_కేవీఎం అనే మాడ్యూల్‌ను ఎక్కిస్తే హోస్ట్ గడియారం గెస్ట్‌లో ఒక పీటీపీ (కచ్చితమైన సమయాన్ని ఇచ్చే ప్రోటోకాల్) పరికరంగా కనిపిస్తుంది, దానిని క్రోనీలో రిఫ్‌క్లాక్‌గా, అంటే సమయ మూలంగా, చేర్చుకోవచ్చు. పరికరం సంఖ్య మారే అవకాశం ఉంది గనుక సిస్ కింద క్లాస్, పీటీపీ డైరెక్టరీలోని క్లాక్_నేమ్ ఫైలు చదివి సరైనదాన్ని గుర్తించాలి. ఎక్స్86పై ఇది పనిచేయాలన్నా హోస్ట్ టీఎస్‌సీపైనే ఉండాలి. పైగా హోస్ట్ సమయం తప్పితే గెస్ట్‌లన్నీ ఒక్కటిగా తప్పుతాయి కాబట్టి హోస్ట్‌పై ఎన్‌టీపీ సర్వర్లు కనీసం నాలుగు ఉండేలా చూడాలి. రెండే ఉంటే అవి విభేదించినప్పుడు ఏది నిజమో తేల్చే దారి ఉండదు. అజూర్‌లో పీటీపీ_హైపర్‌వీ పేరుతో ఇదే తరహా పరికరం సిద్ధంగా ఉంటుంది. అమెజాన్‌లో ప్రతి గెస్ట్‌కూ 169.254.169.123 చిరునామాలో సమయ సేవ అందుతుంది.

భారత్‌లో సేవలు నడిపేవారు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలను కూడా చూసుకోవాలి. సిస్టమ్ గడియారాలను ఎన్‌ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌టీపీ సర్వర్లతో, లేదా వాటితో అనుసంధానమైన సర్వర్లతో సింక్ చేయాలని అవి చెబుతాయి. వేర్వేరు దేశాల్లో మెషీన్లు ఉన్న సంస్థలు వేరే ప్రామాణిక మూలాన్ని వాడవచ్చు, అయితే ఆ సమయం వీటి నుంచి పక్కకు జరగకూడదు. ఎన్‌ఐసీ సర్వర్లు సమయ్1, సమయ్2 పేర్లతో ఎన్‌ఐసీ డాట్ ఇన్ డొమైన్ కింద ఉన్నాయి. బెంగళూరు ర్యాక్‌లోని రెండు హోస్ట్‌లను వీటితో సింక్ చేసి, మిగిలిన మెషీన్లకు ఆ హోస్ట్‌లే సమయం ఇచ్చేలా పెట్టుకోవడం శుభ్రమైన ఏర్పాటు, ఆడిట్‌లో చూపించడానికీ సులువు.

భూభ్రమణంతో సరిపెట్టడానికి యూటీసీకి అప్పుడప్పుడు చేర్చే లీప్ సెకను గురించి క్లుప్తంగా చెబుతాను. చివరిది 2016 డిసెంబర్ 31న యూటీసీ ప్రకారం వచ్చింది, అంటే మనకు 2017 జనవరి 1 తెల్లవారుజామున 5:29:59 తరువాత. గూగుల్, అమెజాన్ సమయ సేవలు ఆ సెకనును 24 గంటల మీద పలచగా పరుస్తాయి, మామూలు ఎన్‌టీపీ సర్వర్లు పరచవు. ఈ రెండు రకాలనూ ఒకే క్రోనీ అమరికలో కలిపితే ఆ రోజున వాటి మధ్య అర సెకను వరకు తేడా వస్తుంది. 2035 నాటికి లీప్ సెకన్లకు స్వస్తి చెప్పే దిశగా 2022లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ తీర్మానించింది గానీ, అంతవరకు కలపకుండా ఉండటమే క్షేమం.

సస్పెండ్ అయి లేచే గెస్ట్‌లకు మరొక జాగ్రత్త కావాలి. హోస్ట్‌ను రీబూట్ చేసినప్పుడు గెస్ట్‌లను షట్‌డౌన్ చేయకుండా డిస్క్‌పై భద్రపరిచే అమరిక కొన్ని సిస్టమ్‌లలో ఉంటుంది. అలా లేచిన గెస్ట్ తాను నిద్రపోయిన క్షణం నుంచే లెక్క మొదలుపెడుతుంది. క్రోనీలో సాధారణంగా కనిపించే మేక్‌స్టెప్ 1.0 3 అనే వరుస ప్రకారం, మొదలైన తరువాత మొదటి మూడు దిద్దుబాట్లలోనే సమయాన్ని ఒక్కసారిగా జరిపే అనుమతి ఉంటుంది. ఆ తరువాత గడియారాన్ని కొంచెం వేగంగా నడిపి తేడా పూడుస్తుంది. క్రోనీ సొంత వేగ పరిమితితో ఒక గంట తేడా పూడటానికి దాదాపు పన్నెండు గంటలు పడుతుంది. పాత ఎన్‌టీపీడీ అయితే తేడా 1000 సెకన్లు దాటితే పని మానుకుని బయటకు వచ్చేస్తుంది. కాబట్టి సస్పెండ్ అయ్యే గెస్ట్‌లలో మేక్‌స్టెప్ రెండవ అంకెను -1 చేయాలి, లేదా క్యూఈఎంయూ గెస్ట్ ఏజెంట్‌ను పెట్టుకుని, లేవగానే హోస్ట్ నుంచి వర్ష్ డోమ్‌టైమ్ ఆదేశాన్ని సింక్ ఆప్షన్‌తో నడపాలి. సమయం ఒక్కసారిగా ముందుకు దూకితే తట్టుకోలేని డేటాబేస్ గెస్ట్ అయితే దానిని సస్పెండ్ చేయకుండా, హోస్ట్ రీబూట్‌కు ముందు సక్రమంగా షట్‌డౌన్ చేయడమే సరైనది.

విండోస్ గెస్ట్‌లకు కేవీఎంపై హైపర్‌వీ-క్లాక్ టైమర్‌ను ఉన్నట్టుగా అమర్చాలి, అది లేకపోతే విండోస్ కూడా నకలు టైమర్ల వైపే వెళ్తుంది. విండోస్ హార్డ్‌వేర్ గడియారాన్ని స్థానిక సమయంగా చదువుతుంది కాబట్టి లిబ్‌వర్ట్ క్లాక్ ఆఫ్‌సెట్‌ను లోకల్‌టైమ్‌గా, లైనక్స్ గెస్ట్‌లకు యూటీసీగా ఉంచాలి. ఒక గెస్ట్ కోసం రాసిన అమరికను మరొకదానికి నకలు చేసేటప్పుడు ఈ ఒక్క వరుసను విడిగా సరిచూసుకోవాలి. బూట్ అయిన వెంటనే సరిగ్గా ఐదున్నర గంటల తేడా కనిపిస్తే ముందుగా చూడాల్సింది అక్కడే.